ఎద్దుల పందెంలో జడ్జి ఎట్లా తయారవుతాడు?

సైన్సు విద్యార్థులు కూడా ఈ సంచికకు ఏదైనా రాయాల్సిందేనని యూనియన్ మిత్రులు పట్టుబట్టినప్పుడు నాకు వెంటనే తోచింది కవిత్వం కాదు, బండ! నా హాస్టలు గదిలో మిగతా ముగ్గురూ డెల్టా వాళ్ళు. మార్కాపురం, గిద్దలూరు పేర్లు చెబితే వాళ్ళకు గుర్తొచ్చేవి మూడే - కరువు, ఫ్లోరైడు నీళ్ళు, రాతి పలకలు. పలకల మాట నిజమే. మార్కాపురం పలక మీద ఓనమాలు దిద్దినవాళ్ళు మన అధ్యాపకుల్లోనూ ఎందరో ఉంటారు. అయితే మా పడమటి ప్రాంతంలో ఇంకొక విద్య కూడా ఉంది. దానికి పాఠ్యపుస్తకం లేదు, పరీక్ష లేదు, సర్టిఫికెట్టు అంతకన్నా లేదు. అది గిత్తల బండలాగుడు పందెంలో తీర్పు చెప్పే విద్య. ఆ విద్యలో నేను ఇంకా ఎల్.కె.జి. దాటలేదు. అయినా ఐదేళ్ళుగా దాని గుమ్మంలో నిలబడ్డాను కాబట్టి చూసింది చూసినట్టు రాస్తాను.

పందెం ఎన్నడూ చూడని మిత్రుల కోసం ముందు దాని సంగతి. శివరాత్రికి, ఉగాదికి, శ్రీరామనవమికి, ఊరి తిరునాళ్ళకు మా వైపు పందేలు పెడతారు. నేల చదును చేసి పొడుగ్గా ఒక బాట గీస్తారు. పెద్ద రాతిబండకు మోకు కట్టి గిత్తల జతకు కాడి కడతారు. ఆ కొస నుంచి ఈ కొసకు, మళ్ళీ తిప్పుకొని ఈ కొస నుంచి ఆ కొసకు, ఇచ్చిన టైములో ఎంత దూరం లాగితే అంత. టైము పది నిమిషాలా పదిహేనా ఇరవయ్యా, బండ ఎన్ని క్వింటాళ్ళు, బాట ఎన్ని అడుగులు అనేవి ఊరినిబట్టి, విభాగాన్నిబట్టి మారుతుంటాయి. విభాగాలు చేసేది ఎద్దు పళ్ళనుబట్టి. పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆపైన సీనియర్లు. సేద్యం చేసే ఎడ్లకు వేరే విభాగం పెట్టే ఊళ్ళు కూడా ఉన్నాయి.

నిజం చెప్పాలంటే ఇప్పుడు సేద్యం చేసే ఎడ్లు ఎన్ని ఉన్నాయని? ట్రాక్టరు వచ్చాక మా నాయన కూడా ఎడ్లను అమ్మేశాడు. అమ్మిన రోజు రాత్రి అన్నం తినకుండా పడుకున్నాడు. ఎందుకని మేమెవరం అడగలేదు. గొడ్లకొట్టంలో ఇప్పుడు మిరపకాయల బస్తాలు, మందు కొట్టే యంత్రం ఉన్నాయి. ఒంగోలు గిత్త ఇంకా మా వైపు ఒక్కో ఊళ్ళో రెండు మూడు కొట్టాల్లో నిలబడి ఉందంటే చాలామటుకు ఈ పందేల వల్లనే. పందెం గిత్త మేత ఖర్చు విన్నారంటే మన హాస్టలు మెస్సు బిల్లు మీద మీకు గౌరవం పెరుగుతుంది.

సరే, జడ్జీల దగ్గరకు వద్దాం. ఒక పందానికి ఒక్కరు చాలరు. పళ్ళు చూసేవాడు ఒకడు, గడియారం చూసేవాడు ఒకడు, చుట్లు లెక్కపెట్టేవాడు ఒకడు, టేపు పట్టేవాళ్ళు ఇద్దరు, రాసేవాడు ఒకడు. వీళ్ళెవరికీ జీతం లేదు. బస్సు చార్జీ ఇస్తే ఇస్తారు, భోజనం పెడతారు, ఆఖరున మైకులో పేరు చదివి కండువా కప్పుతారు. వీళ్ళు రైతులు, రిటైరైన డ్రిల్లు మాస్టార్లు, పశువుల కాంపౌండర్లు, ఒకరిద్దరు కిరాణా కొట్టువాళ్ళు. గెలిచిన జతకు మాత్రం వేలల్లో బహుమతి, దానికి నాలుగింతలు పేరు, ఆ పేరు మీద గిత్తల బేరం. అంటే ఏమీ పుచ్చుకోని మనిషి నోటి మాట మీద ఇంకొకరి డబ్బు, పరువు, ఒక్కోసారి ఊరి మధ్య స్నేహం ఆధారపడి ఉంటాయి. అలాంటి మనిషిని ఎవరు ఎన్నుకుంటారు? పందెం కమిటీ అనుకుంటాం. కాదు. కమిటీవాళ్ళు ఒక జడ్జిని పిలుస్తారు, అంతే. మిగతావాళ్ళు ఎవరో ఆ జడ్జి చెబుతాడు. జడ్జిని జడ్జి చేసేది ఇంకో జడ్జే.

నేను పదో తరగతి పరీక్షలు రాసిన ఎండాకాలం మా ఊరి తిరునాళ్ళలో సున్నం గిన్నె మోసే పనికి కుదిరాను. కుదిరాను అనడం పెద్ద మాట. డ్రిల్లు మాస్టారు గుంపులోకి చూసి, "ఏమోయ్, నువ్వు! చొక్కా ఇన్‌షర్టు చేసినోడా! ఇటు రా" అన్నారు. ఆ రోజంతా బండ ఆగిన చోట సున్నపు గీత గీయడం, మళ్ళీ చెరపడం నా పని. రెండో ఏడు టేపు ఇచ్చారు. టేపుకు రెండు కొసలుంటాయి. అంకెలు చదివే కొస మాస్టారిది, సున్నా ఉన్న కొస నాది. సున్నా దగ్గర కూర్చున్నవాడికి ఏ ఘనతా లేదు, ఎవరూ వాడి వైపు చూడరు. అయితే కొలతలో మోసం జరగాలంటే అది ఆ కొసలోనే సులువు. సున్నాను గీత మీద పెట్టకుండా నాలుగు అంగుళాలు ఇటు పెడితే అవతల చదివేవాడికి తెలియనే తెలియదు. "అందుకనే కొత్తోడికి ముందు ఈ కొస ఇస్తాం" అని మాస్టారు ఆ ఏడాది ఆఖరులో చెప్పారు. అంతదాకా నన్ను చూస్తున్నారని నాకు తెలియలేదు.

ఇక్కడ కాస్త లెక్కలు. మా ఫిజిక్సు లెక్చరరు గారు క్షమించాలి. బాట 250 అడుగులు, టైము 15 నిమిషాలు అనుకుందాం. ఒక జత బాట పొడవు 12 సార్లు పూర్తిగా లాగి, పదమూడో సారి మధ్యలో 137 అడుగుల 4 అంగుళాల దగ్గర ఉండగా విజిలు మోగింది. మొత్తం దూరం 3,137 అడుగుల 4 అంగుళాలు. జనం అంతా టేపు చుట్టూ మూగుతారు, అంగుళం దగ్గర కొట్టుకుంటారు. నిజానికి టేపు వల్ల వచ్చే తప్పు, కాస్త వదులుగా పట్టుకున్నా, అంగుళాల్లోనే. గడియారం సంగతి చూడండి. 900 సెకన్లలో 3,137 అడుగులంటే సెకనుకు సుమారు మూడున్నర అడుగులు. విజిలు అర సెకను ఆలస్యమైతే ఆ జతకు అడుగు తొమ్మిది అంగుళాలు ఊరికే కలిసొచ్చినట్టే! ఇది సగటు వేగం. మలుపులు, ఆగినవీ తీసేస్తే బండ కదులుతున్నప్పటి వేగం ఇంకా ఎక్కువ కాబట్టి తప్పు కూడా ఎక్కువే. ఇక చుట్లు లెక్కపెట్టేవాడు ఒక్కసారి పరాకుపడితే 250 అడుగులు గల్లంతు. జనం గొడవపడేది అంగుళాల దగ్గర, ప్రమాదం ఉండేది చుట్ల దగ్గర. అందుకే అనుభవం ఉన్న జడ్జి టేపు కుర్రవాళ్ళకు వదిలేసి తాను చుట్లు లెక్కపెడుతూ బాట చివర నిలబడతాడు. మాస్టారు లెక్కకు చింతగింజలు వాడేవారు. చుట్టు పూర్తయితే ఎడమ జేబులోంచి కుడి జేబులోకి ఒకటి. ఇప్పుడు అందరి చేతుల్లో సెల్‌ఫోన్లున్నాయి, పందేలు యూట్యూబులో కూడా వస్తున్నాయి. అయినా చింతగింజలు మానలేదు. ఫోను చార్జింగు అయిపోతుందట, చింతగింజ అయిపోదట!

ఇంకో సంగతి. విజిలు మోగాక కూడా బండ ఒక జానెడో మూరెడో జరుగుతుంది. గుర్తు పెట్టాల్సింది విజిలు మోగిన క్షణానికా, బండ ఆగిన చోటుకా? బండ ముందు అంచుకా, వెనుక అంచుకా? ఏదైనా ఒకటే, అన్ని జతలకూ అదే పెడితే చాలు. కాని పందెం మొదలుకాక ముందే తేల్చుకోవాలి. ఇందులో మా ప్రాంతానికి ఒక చిక్కుంది. 1970లో ఈ జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. ఇప్పటికీ మా బంధుత్వాలు, బేరాలు అటూ ఇటూ నడుస్తాయి. నల్లమల అవతలివాళ్ళూ వస్తారు, ఒంగోలు వైపువాళ్ళూ వస్తారు. ఎవరి అలవాటు వాళ్ళది. అందుకని పొద్దున్నే, ఎడ్లు రాకముందే, జడ్జీలందరూ వేపచెట్టు కింద కూర్చొని అన్నీ మాట్లాడుకుంటారు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన గంట అదే. అక్కడ పెద్ద జడ్జి చివరగా మాట్లాడతాడు. ముందు తాను చెబితే కుర్రవాళ్ళు తలలూపి ఊరుకుంటారని.

ఘర్షణ సంగతి కూడా చెప్పి పళ్ళ దగ్గరకు పోతాను. ఘర్షణ బలం బరువు మీద, రెండు తలాల గుణం మీద ఆధారపడుతుందని చదువుకున్నాం. బండ బరువు అందరికీ ఒకటే. నేల మాత్రం ఒకటి కాదు. మొదటి జతకు ఉన్న నేల పదో జతకు ఉండదు. బండ రాసుకొని రాసుకొని కొన్నిచోట్ల నున్నబడుతుంది, కొన్నిచోట్ల మన్ను లేచి బండకు అడ్డం పడుతుంది. పైగా స్థైతిక ఘర్షణ గతిక ఘర్షణ కన్నా ఎక్కువ కాబట్టి ఆగిన బండను మళ్ళీ కదిలించడంలోనే గిత్త బలం సగం పోతుంది. అందుకే వరస చీటీలు వేసి తేలుస్తారు, మధ్యమధ్య బాట చదును చేయిస్తారు. ఎప్పుడు చేయించాలన్నది జడ్జి ఇష్టం. ఆ ఇష్టంలో పక్షపాతం దూరడానికి ఎంత చోటుందో ఊహించుకోండి.

ఇక పళ్ళు. ఇదే అసలు విద్య. మా వైపు దీనికి పేరుపడ్డ పెద్దాయన ఒకరున్నారు. డెబ్బై దాటాయి. అందరికీ తాతే, నాకూ తాతే. బడికి వెళ్ళింది మూడో తరగతి వరకేనట. జువాలజీ పుస్తకం నేను చూపిస్తే బొమ్మ చూసి, "ఎవురు గీశారో గాని ఎద్దు నోట్లో చెయ్యి పెట్టినోడు కాదురా" అన్నాడు.

ఆవుజాతికి పైదవడ ముందు భాగంలో పళ్ళుండవు, గట్టి చిగురు మాత్రమే ఉంటుంది. కింది దవడలో ముందు ఎనిమిది పళ్ళుంటాయి. మా పుస్తకం భాషలో కుంతకాలు. దూడకు అవి పాలపళ్ళు - చిన్నవి, తెల్లనివి, సన్నపు మెడ గలవి. రెండేళ్ళు దాటాక నడిమి జత ఊడి వాటి చోట వెడల్పాటి పళ్ళు రెండు వస్తాయి. అది రెండు పళ్ళ గిత్త. తర్వాత అటొకటి ఇటొకటి వచ్చి నాలుగు, ఆపైన ఆరు, ఎనిమిది. ఎనిమిదీ వచ్చేసరికి నాలుగేళ్ళు దాటి ఐదో ఏడు నడుస్తుంటుంది. విదేశీ జాతుల లెక్క రాసిన పుస్తకాలను నమ్మితే మన జాతుల దగ్గర తప్పు వస్తుంది. మనవాటికి పళ్ళు కాస్త నిదానంగా వస్తాయి. మేతనుబట్టి, ఒక్కో గిత్తనుబట్టి కూడా తేడా. అందుకే పందెంలో వయసు అడగరు, పళ్ళే చూస్తారు.

చూసే పద్ధతి ఇది. ఎడమచేత్తో ముక్కుతాడు పట్టుకోవాలి. గట్టిగా కాదు, గిత్తకు నీ భయం తెలియకూడదు. ముందు పళ్ళకూ దవడ పళ్ళకూ మధ్య ఖాళీ ఉంటుంది, పుస్తకంలో డయాస్టీమా అంటారే, అక్కడ నుంచి కుడిచెయ్యి పక్కగా లోపలికి పోనిచ్చి బొటనవేలితో కింది పెదవి వంచాలి. రెండు సెకన్లు. అంతకన్నా ఎక్కువసేపు అది ఒప్పుకోదు. ఆ రెండు సెకన్లలో లెక్కపెట్టడం కాదు, చూడగానే తెలిసిపోవాలి. తాత నాకు ఇంటర్మీడియట్ రెండేళ్ళూ నేర్పాడు. నేర్పాడంటే పాఠం చెప్పలేదు. కంభం వైపు, గిద్దలూరు వైపు ఎక్కడికి పోయినా వెంట తీసుకుపోయి, తాను చూసి ఏమీ చెప్పకుండా పక్కకు జరిగి, "చూడు" అనేవాడు. నేను చెప్పేవాణ్ణి. అప్పుడు మళ్ళీ తాను చూసేవాడు. నాది తప్పయితే అందరిలో ఏమనేవాడు కాదు. నా చెయ్యి పట్టుకొని వేలిని ఆ పన్ను మీద పెట్టేవాడు. వేలికి తెలిసింది మనిషి మరచిపోడు.

ఈ దారి మా ఊళ్ళలోనే ఉందనుకోనక్కర్లేదు. చదరంగంలో అంతర్జాతీయ ఆర్బిటరు కావాలంటే పరీక్ష ఒక్కటే చాలదు. పెద్ద పోటీల్లో పనిచేసి, అక్కడి చీఫ్ ఆర్బిటరు సంతకం పెట్టిన నివేదికలు సంపాదించాలి. అక్కడా తోటివాడి మాటే దిక్కు, కాకపోతే కాగితం మీద. కబడ్డీలో కూడా రెఫరీలకు పరీక్షలున్నాయి. మరో విచిత్రం వినండి. మన ఒంగోలు జాతి పశువులు బ్రెజిల్ దేశానికి పోయి అక్కడ నెలోర్ అనే పేరుతో కోట్ల సంఖ్యకు పెరిగాయి. మన నెల్లూరు పేరే అది. అక్కడ ఉబెరాబా పట్నంలో ఆ జాతుల పెంపకందార్ల సంఘానికి న్యాయనిర్ణేతల మండలి ఉంది. కొత్తవాడు పాత జడ్జి పక్కన సహాయకుడిగా నిలబడి నేర్చుకుంటాడు. ఈ సంగతి తాతకు చెబితే, "ఆడ కూడా గిత్త నోరు మనోళ్ళ లెక్కనే తెరుస్తారా?" అని అడిగాడు. తెరుస్తారనే అన్నాను.

జడ్జి ఏ ఊరివాడు కావాలన్నది కూడా పెద్ద ప్రశ్నే. మా వైపు పళ్ళు చూసేవాణ్ణి, గడియారం పట్టేవాణ్ణి పొరుగూరి నుంచే తెస్తారు. సొంతూరివాడికి సున్నం, టేపు. ఈ తెలివి క్రికెట్‌వాళ్ళకు వచ్చేసరికి చాలా కాలం పట్టింది. టెస్టుల్లో ఆతిథ్య దేశం అంపైర్లే నిలబడేవారు. 1986లో లాహోరులో పాకిస్తాను, వెస్టిండీసు జట్లు ఆడిన టెస్టుకు రెండు దేశాలకూ చెందని అంపైర్లను పిలిచారు. ఆ ఇద్దరిలో ఒకరు మన హైదరాబాదు మనిషి వి.కె.రామస్వామి, రెండోవారు పిలూ రిపోర్టరు. బయటివాణ్ణి తెస్తే తప్పులు జరగవని కాదు. తప్పు జరిగినా అది తప్పే అని జనం నమ్ముతారు, కుట్ర అనుకోరు.

ఇక నా సంగతి. రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. రాయకపోతే పైన రాసిందంతా మైకులో ఉపన్యాసం అవుతుంది.

డిగ్రీలో చేరిన మొదటి ఏడు. ఊరి పేరు వద్దు. నాలుగు పళ్ళ విభాగం. తాత ఆరు పళ్ళ గిత్తల దగ్గర ఉన్నాడు, ఈ విభాగం నన్ను చూడమన్నాడు. ఒంటరిగా చూడమనడం అదే మొదలు. నా కాళ్ళు నేల మీద లేవు. ఒక జత వచ్చింది. తోలుకొచ్చినాయన నాకు వరసకు మామ, మా అమ్మ వైపు. కుడివైపు గిత్త నోరు తెరిచాను. నాలుగు పెద్ద పళ్ళు. పక్కన ఎడమవైపు పాలపన్ను ఊడిపోయి ఉంది, ఆ గుంటలో బియ్యపుగింజంత తెలుపు. వేలు పెట్టాను. గట్టిగా తగిలింది. పొద్దున వేపచెట్టు కింద అనుకున్నది ఏమంటే, కొత్త పన్ను చిగురు దాటి కనబడితే పై విభాగం కిందే లెక్క అని. నేను మామ మొహం చూశాను.

"ఏం అల్లుడూ, గడ్డిపరక చూసి పన్నంటావా?" అని నవ్వాడు. పక్కనున్నవాళ్ళు కూడా నవ్వారు.

నేను "నాలుగు" అన్నాను. రాసేవాడు పలక మీద నాలుగని రాసుకున్నాడు.

ఆ జత మొదటి బహుమతి కొట్టింది. రెండో స్థానంలో వచ్చినాయన పేద రైతు. అరవలేదు, మైకు లాక్కోలేదు. దీపాలు పెట్టే వేళకు తాత దగ్గరకు వచ్చి చెవిలో ఏదో చెప్పి పక్కన నిలబడ్డాడు. తాత టార్చిలైటు తీసుకొని పోయి ఆ గిత్త నోరు తెరిచి చూశాడు. నేరుగా స్టేజీ దగ్గరకు పోయి, "పళ్ళు చూసేకాడ మా జడ్జీల వల్ల తప్పు జరిగింది. దానికి నేను జవాబుదారీ. ఈ జత ఆరు పళ్ళది" అని చెప్పి దిగిపోయాడు. బహుమతి మారింది. గొడవ అయింది. నన్ను ఎవరూ వేలెత్తి చూపలేదు, ఎందుకంటే తాత నా పేరు చెప్పలేదు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చొని చాలాసేపు మాట్లాడలేదు. తర్లుపాడు దాటాక అడిగాడు. "నీకు కనపడిందా, కనపళ్ళేదా?"

"కనపడింది తాతా."

"కనపడకపోతే నేర్పేవాణ్ణి" అని, ఇంక ఊరు వచ్చేదాకా కళ్ళు మూసుకున్నాడు.

తర్వాతి ఏడు శివరాత్రి వచ్చింది. నాకు పిలుపు లేదు. ఉగాది వచ్చింది, లేదు. ఈ వ్యవస్థలో సస్పెన్షను ఆర్డరు ఉండదు, సంజాయిషీ అడిగే నోటీసు ఉండదు. ఫోను మోగదు, అంతే. ఎవరూ తిట్టలేదు. మాస్టారు బజారులో కనబడితే చదువు ఎట్లా ఉందని అడిగారు. ఎద్దుల మాట ఎత్తలేదు. నాకు కోపం కూడా వచ్చింది, దాచుకోను. జీతం బత్తెం లేని పనికి ఇంత పట్టింపా అనిపించింది. ఆ మామ మా ఇంటికి రావడం మానేశాడు, తాత నన్ను పిలవడం మానేశాడు. రెండువైపులా చెడ్డది నేనొక్కణ్ణే. కాని ఆ రెండో స్థానం రైతు గుర్తొచ్చినప్పుడు కోపం నిలిచేది కాదు. తాత ఆ రాత్రి టార్చి తీసుకోకపోయుంటే ఆయన ఎవరికి చెప్పుకునేవాడు?

పిలవని పేరంటంగా నేనే వెళ్ళాను. మా ఊరికి దూరంగా, నాకు తెలియని జడ్జీలు ఉండే చోటికి. టేపు పడతానని అడిగితే అక్కడి పెద్ద జడ్జి నన్ను పైకీ కిందికీ చూసి, "నువ్వు ఫలానా తాత కాడ పళ్ళు నేర్చుకున్నోడివి కదూ" అన్నాడు. అంటే అంతా తెలుసు! అరవై కిలోమీటర్ల దూరానికి నా బియ్యపుగింజ నాకన్నా ముందే ప్రయాణం చేసింది. ఏమీ అడగలేదు. సున్నం గిన్నె చేతికిచ్చాడు. పద్దెనిమిది నిండి, కాలేజీలో చదువుతూ, మళ్ళీ పదో తరగతి కుర్రాడి పని. సీజనంతా అదే చేశాను. తర్వాత టేపు. సున్నా కొసే.

ఈ సందర్భంలోనే ఇంకో విషయం. ఇట్లాంటి పందేలు ఉండాలా వద్దా అనే వాదం దేశంలో చాలాకాలంగా నడుస్తున్నది. 2014లో సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్లబండ్ల పందేలను నిషేధించింది. తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చేసుకున్న సవరణ చట్టాలను 2023 మేలో రాజ్యాంగ ధర్మాసనం సమర్థించింది. గిత్త వైపు నుంచి ఆలోచించేవాళ్ళ మాటను నేను కొట్టిపారేయలేను. బరువు లాగే పశువుల గురించి 1965లో చేసిన కేంద్ర నియమాల్లో ములుకులున్న కర్ర వాడరాదని ఉంది. 37 డిగ్రీలు దాటే ప్రాంతాల్లో మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా పని చేయించరాదని ఉంది. మా ఎండలకు ఈ రెండో నియమం ఎంత అవసరమో చెప్పక్కర్లేదు. దాన్ని బరిలో నిలబెట్టగలవాడు పోలీసు కాదు, జడ్జే. సున్నం మోసిన ఆ సీజనులోనే చూశాను. చర్నాకోల కర్ర చివర మేకు దాచిన ఒక జతను ఆ పెద్ద జడ్జి మధ్యలో ఆపేసి పంపించాడు. వాళ్ళు పలుకుబడి గలవాళ్ళు, కమిటీకి చందా ఇచ్చినవాళ్ళు. మిగతా ముగ్గురు జడ్జీలు ఏమీ మాట్లాడకుండా వచ్చి ఆయన పక్కన నిలబడ్డారు. గుంపు కాసేపు అరిచి సర్దుకుంది. ఒక్కడే అయితే నిలబడగలిగేవాడా? ఆ ముగ్గురూ ఆయన చేతి కిందనే సున్నం మోసినవాళ్ళని తర్వాత తెలిసింది.

గుర్తింపు అంటే కండువా కాదని అప్పటికి నాకు అర్థమైంది. కండువా చందాదారుడికీ కప్పుతారు, ఎం.ఎల్.ఏ. వెంట వచ్చినవాడికీ కప్పుతారు. జడ్జీల మధ్య గుర్తింపు వేరుగా ఉంటుంది. నీళ్ళు తాగిరావడానికి పోతూ ఏమీ చెప్పకుండా గడియారం నీ చేతిలో పెట్టి పోవడం ఒకటి. చెట్టు కింద మాటల్లో నీ వైపు తిరిగి "నువ్వేమంటావ్?" అనడం ఒకటి. నాకు ఆ మాట పోయిన ఉగాది పందేల్లో దక్కింది. బండ ముందు అంచు గీత దగ్గర తగాదా వస్తే ఆ పెద్ద జడ్జి నన్ను అడిగాడు. గుంపు ఒకచోటు చూపిస్తున్నది. నేను గీసింది అరడుగు వెనక. నేను గీసిందే చెప్పాను. ఆయన తల ఊపి టేపు పరవమన్నాడు. ఆ తగాదాలో ఓడిన జతవాళ్ళు నన్ను ఏమన్నారో ఈ సంచికలో రాయడానికి వీల్లేదు.

శ్రీరామనవమికి నాలుగు రోజుల ముందు మాస్టారి దగ్గర నుంచి ఫోను వచ్చింది. "తాత రమ్మంటున్నాడోయ్. సున్నం వాళ్ళ కాడ ఉందట, చేతులూపుకుంటూ రా" అన్నారు. ప్రాక్టికల్సు ఉన్నాయి. రికార్డు రూమ్మేటుకు అప్పగించి రాత్రి బస్సెక్కాను.

తాత చూపు తగ్గింది. రెండు కళ్ళకూ ఆపరేషను అయింది. నేను వెళ్ళేసరికి ఆరు పళ్ళ విభాగం మొదలైంది. నన్ను చూసి ఏమీ పలకరించలేదు. గిత్త నోరు తెరిచి చూసి, వదిలి, పక్కకు జరిగాడు.

"చూడు."

ముక్కుతాడు పట్టుకొని చూశాను. ఎవరి గిత్తో తెలియదు, తోలినాయన ఎవరో తెలియదు. "ఆరు, తాతా" అన్నాను.

మళ్ళీ చూస్తాడని పక్కకు తప్పుకున్నాను. తాత చూడలేదు. పలక పట్టుకున్న కుర్రాడి వైపు తిరిగి, "ఆరు. రాయి" అన్నాడు.